చెయ్యి లేచే ముందు ఒక్క క్షణం

నర్సీపట్నం దాటి ఏజెన్సీ వైపు వెళ్తే గొలుగొండ మండలంలో కృష్ణదేవిపేట వస్తుంది. చుట్టుపక్కల వాళ్లకి అది కె.డి.పేట. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నది అక్కడే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్‌తో మొదలుపెట్టి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసిన ఆయన 1924 మే 7న బ్రిటిష్ వాళ్ల తూటాలకు బలై ఈ మట్టిలో కలిశాడు. ఈ ప్రాంతపు పిల్లలు ఆయన గురించి వినే కథల్లో తుపాకులు, అడవిదారులు, మిరపకాయ టపాలు ఉంటాయి. ఆయన బాల్యంలోని ఒక చిన్న సంగతి మాత్రం అంతగా వినిపించదు.

తెల్లదొర ఎదురైతే సలాం కొట్టడం ఆ రోజుల్లో అందరూ చేసే పని. అందర్నీ చూసి చిన్న రామరాజు కూడా చెయ్యెత్తడం నేర్చుకున్నాడు. రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న తండ్రి వెంకటరామరాజు అది గమనించి మందలించాడని జీవితచరిత్రలు చెబుతాయి. ఆ తండ్రి ఎక్కువ కాలం బతకలేదు. కొడుకు బడి వయసులో ఉండగానే పోయాడు. కానీ అందరి చెయ్యీ లేస్తున్నప్పుడు మన చెయ్యి ఎందుకు లేస్తోందో చూసుకోవాలన్న మాట ఆ ఇంట్లో ఒకసారి వినబడింది. ఒక్క మందలింపు మనిషిని విప్లవకారుడిగా మార్చిందని చెప్పడం అతిశయోక్తి. అయినా పిల్లల పెంపకం గురించి ఆలోచించేవాళ్లకి ఆ సంఘటనలో చూడాల్సింది చాలా ఉంది. ఎందుకంటే ఆ పసివాడు చేసింది ప్రపంచంలో పిల్లలందరూ చేసేదే.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. లోపల బహుమతి ఉన్న పెట్టెను ఎలా తెరవాలో చింపాంజీలకీ, మూడు నాలుగేళ్ల పిల్లలకీ చూపించారు. చూపించేటప్పుడు కావాలనే కొన్ని పనికిరాని పనులు కలిపారు. పెట్టె పైభాగంలోని గడియ తియ్యడం, పై రంధ్రంలో పుల్ల పెట్టి పొడవడం లాంటివి. పెట్టె నల్లగా, లోపల ఏముందో కనిపించకుండా ఉన్నప్పుడు చింపాంజీలు, పిల్లలు అంతా చూసినట్టే చేశారు. అదే పెట్టె అద్దంలా పారదర్శకంగా ఉన్నప్పుడు, పైన పొడిచే పుల్లకీ బహుమతికీ సంబంధమే లేదని కళ్లకి కనబడుతోంది. చింపాంజీలు ఆ పని మానేసి నేరుగా తలుపు తీసుకున్నాయి. పిల్లలు మాత్రం పుల్లతో పొడుస్తూనే ఉన్నారు.

ఇది నగరాల పిల్లలకే పరిమితమైన లక్షణం కాదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఉండే బుష్‌మన్ తెగ పిల్లల్నీ, ఆస్ట్రేలియా నగర పిల్లల్నీ పోల్చి చూసిన మార్క్ నీల్సన్, కేయన్ టొమసెల్లీ 2010లో ఇద్దరిలోనూ ఇదే అతి అనుకరణ కనిపించిందని తేల్చారు. పెద్దవాళ్లు చేస్తున్నారంటే దానికేదో కారణం ఉండే ఉంటుందని మనిషి పిల్ల నమ్ముతుంది. భాష, వంట, వ్యవసాయం, మొక్కుబడి, మర్యాద అన్నీ ఆ నమ్మకం మీదే తరం నుంచి తరానికి దాటాయి. దొరకి సలాం కూడా ఆ దారినే దాటింది.

అయితే పిల్లలు గుడ్డిగా అనుకరిస్తారని అక్కడితో ఆగిపోతే సగమే చెప్పినట్టు. హంగరీకి చెందిన గ్యోర్గీ గెర్గెలీ బృందం 2002లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు 14 నెలల పసివాళ్లు. వాళ్ల ముందు ఒకామె వంగి, నుదుటితో తాకి దీపం వెలిగించింది. చేతులు ఖాళీగా బల్ల మీద పెట్టుకుని కూడా ఆమె నుదుటితోనే వెలిగించినప్పుడు, తర్వాత 69 శాతం పిల్లలు తామూ నుదురే వాడారు. చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకుని రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నప్పుడు నుదుటితో వెలిగిస్తే, ఆమెను అలాగే అనుకరించినవాళ్లు 21 శాతమే. మిగిలినవాళ్లు హాయిగా చేత్తో నొక్కారు. ‘పాపం, ఆమె చేతులు ఖాళీ లేవు కదా’ అని ఇంకా మాటలు కూడా సరిగా రాని పిల్లలు లెక్క వేసుకున్నారన్నమాట. అంటే ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారన్నదే కాదు, ఎందుకు చేస్తున్నారన్నది కూడా పసితనం నుంచే వాళ్లు చూస్తారు. ఆ చూపును పెంచుతున్నామా, అణిచేస్తున్నామా అన్నదే పెద్దవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న.

మనిషి రోజులో చాలా భాగం ఆలోచించకుండానే గడుస్తుంది. అమెరికాలో వెండీ వుడ్, ఆమె సహచరులు విద్యార్థులతో గంట గంటకీ డైరీ రాయించి 2002లో వెల్లడించిన లెక్క ప్రకారం, వాళ్లు చేసే పనుల్లో మూడో వంతు నుంచి సగం దాకా రోజూ ఒకే చోట, ఒకే తీరులో, మనసు వేరే ఎక్కడో ఉండగా జరిగేవే. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే భాగం ఈ పని చూసుకుంటుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియల్ ఎలుకల్ని మలుపుల దారిలో పరిగెత్తించి ఆ భాగంలోని నాడీకణాల్ని గమనించింది. దారి కొత్తగా ఉన్నప్పుడు దారి పొడవునా కణాలు చురుగ్గా ఉన్నాయి. అలవాటయ్యాక పరుగు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే చురుకుదనం కనిపించింది. మధ్యలో జరిగేదంతా ఒక మూటగా కట్టేసినట్టయింది.

ఆ మూట లేకపోతే బతకడం కష్టం. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకి కథ అర్థం కాదు. అక్షరాలు అలవాటులోకి జారిపోయాకే మనసు కథ మీదికి వెళ్తుంది. పళ్లు తోముకోవడం, అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం, రోడ్డు దాటేముందు రెండు వైపులా చూడడం ఎంత యాంత్రికమైతే అంత మంచిది. కాబట్టి పిల్లల్ని ప్రతి క్షణం ఎరుకతో ఉండమనడం జరిగే పని కాదు, అవసరమూ లేదు. చిక్కంతా వేరే చోట ఉంది. పని వల్ల వచ్చే ఫలితం ఇక అక్కర్లేకపోయినా పని మాత్రం ఆగనప్పుడు అది మొదలవుతుంది.

దీన్ని కొలిచే పద్ధతిని 1980ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లో క్రిస్టఫర్ ఆడమ్స్, ఆంథనీ డికిన్సన్ కనిపెట్టారు. మీట నొక్కితే తీపి గుళిక వస్తుందని ఎలుకలకి నేర్పి, తర్వాత ఆ తీపి తిన్నప్పుడల్లా కడుపులో తిప్పేలా చేశారు. మీట నొక్కి 100 సార్లు తీపి అందుకున్న ఎలుకలు, ఆ తీపి మీద విరక్తి కలిగాక నొక్కడం తగ్గించాయి. 500 సార్లు అందుకున్నవి మాత్రం తినబోని తీపి కోసం నొక్కుతూనే పోయాయి. కోరిక చచ్చిపోయినా చెయ్యి ఆగలేదు.

ఉల్రికే క్లాసెక్, డికిన్సన్ తదితరులు ఇదే ప్రశ్నను 2008లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల ముందు పెట్టారు. తెర మీద ఒక బొమ్మను తాకితే ఒక కార్టూన్, ఇంకో బొమ్మను తాకితే ఇంకో కార్టూన్. ఒకదాన్ని విసుగు పుట్టేదాకా చూపించారు. రెండేళ్లు దాటిన పిల్లలు ఆ బొమ్మను తాకడం తగ్గించారు. అంతకన్నా చిన్నవాళ్లు విసుగొచ్చిన దాన్ని కూడా అంతే ఉత్సాహంగా తాకుతూ కూర్చున్నారు. ‘ఇది నాకు కావాలా’ అని చూసుకుని చేతిని నడిపించే శక్తి పుట్టుకతో పూర్తిగా రాదని, బతుకు మొదటి కొన్నేళ్లలో మెల్లగా ఏర్పడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. దానికి ఆధారమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనకాల ఉండే మెదడు భాగం, ఇరవైల మధ్య దాకా పక్వమవుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్లలో జరుగుతున్నది చూడండి. ముద్ద నోట్లో పెట్టడానికి ఫోన్, ఏడుపు ఆపడానికి ఫోన్, అమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఫోన్. ఒక వీడియో అవ్వగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఆపాలా వద్దా అని అడిగే ఖాళీ క్షణం కూడా మిగలదు. సరిగ్గా ఆ క్షణంలోనే పిల్ల మెదడు నేర్చుకోవాల్సింది ఉంది. యూట్యూబ్ సంస్థే 2021 ఆగస్టులో, 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల ఖాతాల్లో ఆటోప్లేను ముందుగానే ఆపి ఉంచుతామని ప్రకటించింది. కానీ గొలుగొండలోనైనా గుంటూరులోనైనా రెండేళ్ల పిల్ల చూసేది నాన్న ఖాతాలోనే. రెండేళ్ల లోపు వాళ్లకి తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకి గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. గంటల లెక్కతో పాటు ఇంకో చిన్న పని చేస్తే మేలు. సెట్టింగుల్లో ఆటోప్లే ఆపేస్తే, ప్రతి వీడియో చివరా పిల్ల తల ఎత్తే వీలు దొరుకుతుంది.

ఆ వీలును బడిలోకి తెచ్చిన ప్రయోగం ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. దానికి రావాల్సినంత పేరు ఇక్కడ రాలేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో ఆ ఊరికి దగ్గర్లోనే రిషివ్యాలీ పాఠశాల ఏర్పడింది. సాయంత్రం పిల్లలంతా ఒకచోట కూర్చుని మాటలు లేకుండా పొద్దుగూకడం చూసే అలవాటు ఆ బడిలో ఉంది. దాన్ని అస్తాచల్ అంటారు. 1980ల్లో అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల పేద పిల్లల కోసం చిన్న బడులు మొదలుపెట్టారు. ఒక గది, ఒక టీచరు, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అన్ని వయసుల పిల్లలు. ఒకరికి పాఠం చెబుతుంటే మిగిలినవాళ్లు ఏం చేయాలి? మన్యంలోనూ మైదానంలోనూ ఏకోపాధ్యాయ బడిలో పనిచేసిన ప్రతి మాస్టారికీ తెలిసిన బాధే ఇది.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విప్పి వందల కార్డులుగా మార్చారు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చూపించే పెద్ద పటం గోడకి తగిలించారు. దాని పేరు అభ్యాస నిచ్చెన. పిల్ల బడికి రాగానే పటం దగ్గరికి వెళ్లి నిన్న తాను ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది. తర్వాతి మెట్టు మీద ఉన్న గుర్తు ఏదో పోల్చుకుని, ఆ గుర్తున్న కార్డు తానే తీసుకుంటుంది. ఆ పని టీచరు దగ్గర కూర్చుని చేయాలో, తోటివాళ్ల సాయంతో చేయాలో, ఒంటరిగా చేయాలో కూడా ఆ గుర్తే చెబుతుంది. అయ్యాక మళ్లీ పటం దగ్గరికి వస్తుంది.

ఇందులో ఉన్న లోతు పైకి కనబడదు. మామూలు తరగతిలో పిల్ల పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది, బల్ల మీద ఏ పుస్తకం తియ్యాలో ఎవరో చెబుతారు, గంట కొడితే మూస్తుంది. ఏడాదికి రెండు వందల పైచిలుకు రోజులు అలా గడిచినా, ‘నేనిప్పుడు ఎక్కడున్నాను, తర్వాత ఎటు’ అన్న ప్రశ్న ఆమెకి ఒక్కసారి కూడా ఎదురు కాకపోవచ్చు. ఇక్కడ ఆరేళ్ల పిల్లకి అది రోజుకి నాలుగైదు సార్లు ఎదురవుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. జీడిపిక్కలు ఏరే రోజుల్లోనో వరి కోతల్లోనో పిల్ల నాలుగు రోజులు బడి మానేస్తే, మామూలు తరగతి ఆమెను వదిలేసి ముందుకు పోతుంది. నిచ్చెన మాత్రం ఆమె దిగిన మెట్టు దగ్గరే ఆగి ఉంటుంది. గొలుగొండ లాంటి మండలాలకి ఇది చిన్న విషయం కాదు.

ఈ పద్ధతి ‘పెట్టెలో బడి’ అన్న పేరుతో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల బడులకీ, మరికొన్ని రాష్ట్రాలకీ వెళ్లింది. 2003లో చెన్నై నగరపాలక బడులు దీన్ని తీసుకున్నాక, ఆ దశాబ్దంలోనే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ పాకింది. కార్డులు ఎక్కడికైనా పంపొచ్చు. అయితే ఏ కార్డు తియ్యాలో టీచరే చేతికందిస్తే, అవి చినిగిన పాఠ్యపుస్తకం కింద లెక్క. పిల్ల పటం ముందు నిలబడి కాసేపు తటపటాయించడం చూస్తూ ఊరుకునే ఓర్పు ఆ పెట్టెలో పెట్టి పంపడం సాధ్యం కాదు.

ఇలాంటి తటపటాయింపుకి చోటిస్తే ఏమవుతుందో సగం జీవితం పాటు వెంబడించి చూసిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్‌లో పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని, 58 మందిని బడిలో చేర్చారు, 65 మందిని చేర్చలేదు. ఆ బడి దినచర్యకి మూడు భాగాలు: ముందు ఏం చేస్తావో చెప్పు, తర్వాత చెయ్యి, చివర్న ఏం చేశావో చెప్పు. మూడు నాలుగేళ్ల పిల్లలు ‘ఇవాళ చెక్కముక్కలతో వంతెన కడతాను’ అని చెప్పి, కట్టి, మళ్లీ వచ్చి దాని ముచ్చట చెప్పేవారు. మొదట్లో ఈ పిల్లల తెలివితేటల స్కోర్లు పెరిగాయి. కొన్నేళ్లకి ఆ తేడా కరిగిపోయింది. చాలామంది ప్రయోగం విఫలమైందనుకున్నారు. కానీ నలభై ఏళ్ల వయసులో చూస్తే, బడికెళ్లినవాళ్లలో ఉద్యోగాలున్నవాళ్లు ఎక్కువ, అరెస్టయినవాళ్లు తక్కువ. మిగిలింది తెలివి స్కోరు కాదు, తమను తాము నడిపించుకునే తీరు అని నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ విశ్లేషణలు చెప్పాయి. ఆ బడిలో టీచర్లు వారం వారం ఇళ్లకీ వెళ్లేవారు కాబట్టి ఫలితమంతా ఆ దినచర్యదే అనలేం. అయినా అంగన్‌వాడీ కేంద్రంలో పొద్దున్న పది నిమిషాలు, ఇళ్లకి పంపేముందు పది నిమిషాలు ఈ మాటలకి ఇవ్వడానికి కొత్త బడ్జెట్టేమీ అక్కర్లేదు.

మాటలు అన్నప్పుడు ఇంకోటి. నాలుగైదేళ్ల పిల్లలు ఆడుకుంటూ తమలో తాము గొణుక్కుంటారు. ‘ఇది ఇక్కడ పెట్టాలి, కాదు కాదు, ముందు పెద్దది పెట్టాలి.’ అది విని ‘ఏట్రా ఆ గొణుగుడు, నోరు మూసుకుని ఆడుకో’ అనే పెద్దవాళ్లు ఉంటారు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ (1896–1934) ఈ గొణుగుడు గురించి గొప్ప సంగతి చెప్పాడు. అది పిల్ల తనకు తాను ఇచ్చుకుంటున్న ఆదేశం. మొదట పెద్దవాళ్లు పైకి చెప్పిన మాట, తర్వాత పిల్ల పైకి చెప్పుకునే మాట అవుతుంది. మరి కొన్నేళ్లకి అదే లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుంది. పని కష్టమైనకొద్దీ ఈ గొణుగుడు పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అంటే నోరు మూయించడం వల్ల పిల్ల చేతిలోని పగ్గమే లాగేసుకున్నట్టవుతుంది.

ముందు చూపుతో నడుచుకోవాలంటే ముందున్నదాని మీద నమ్మకం ఉండాలి. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టిన మార్ష్‌మాలో పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. ఇప్పుడే ఒక మిఠాయి తింటావా, కాసేపు ఆగితే రెండిస్తాను అని పిల్లల్ని అడిగే పరీక్ష అది. ఆగగలిగినవాళ్లు పెద్దయ్యాక బాగుపడ్డారని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. దాదాపు 900 మంది పిల్లలతో టైలర్ వాట్స్ బృందం 2018లో ప్రచురించిన విశ్లేషణలో, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలా పలచబడింది. అంతకన్నా ముఖ్యమైనది 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన పని. పరీక్షకి ముందు 28 మంది పిల్లలకి మంచి రంగు పెన్సిళ్లు, స్టిక్కర్లు తెచ్చిస్తామని చెప్పారు. సగం మందికి మాట ప్రకారం తెచ్చారు. మిగిలిన సగం మందికి ‘అయ్యో, లేవు’ అన్నారు. తర్వాత మిఠాయి పెడితే, మాట నిలబడ్డ పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దవాళ్లను చూసిన పిల్లలు ఆగింది 3 నిమిషాలు.

ఓపిక లేని పిల్ల అని మనం పేరు పెట్టేది చాలాసార్లు అనుభవం నేర్పిన పిల్లకే. ‘సంత నుంచి బొమ్మ తెస్తాను’ అని ఊరుకోబెట్టి ఖాళీ చేతులతో వచ్చిన ప్రతిసారీ, ఆగడం దండగ అని పిల్ల నేర్చుకుంటుంది. డబ్బు లేక తేలేకపోయిన తండ్రిని ఇక్కడ తప్పు పట్టడం లేదు. తేలేనప్పుడు తేలేనని ముందే చెప్పే తండ్రి, పేదవాడైనా, పిల్లకి నమ్మదగిన లోకాన్నే ఇస్తున్నాడు.

ఉద్దేశంతో పిల్లల్ని పెంచడం తీరిక, చదువు ఉన్నవాళ్లకే కుదురుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. పరిశోధనలు అలా చెప్పడం లేదు. గ్వాటెమాలాలోని మాయా గ్రామాల్లో బార్బరా రోగోఫ్ దశాబ్దాలుగా పిల్లల్ని గమనిస్తోంది. మారిసెలా కొర్రెయా చావెస్‌తో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నకో చెల్లికో ఒక బొమ్మ ఎలా తయారుచేయాలో నేర్పుతుంటే, పక్కన తన వంతు కోసం కూర్చున్న పిల్ల ఏం చేస్తుందో చూశారు. తల్లి పెద్దగా బడికి వెళ్లని మాయా కుటుంబాల పిల్లలు ఆ పనిని శ్రద్ధగా చూశారు. వారం తర్వాత అదే బొమ్మ తమకిస్తే తక్కువ సాయంతో చేశారు. అమెరికా మధ్యతరగతి పిల్లలు అంతగా చూడలేదు. తమ కోసం పెట్టిన పాఠం అయితే తప్ప చూడనక్కర్లేదని వాళ్లకి అలవాటైంది.

చిన్నప్పటి నుంచి ఇంటి పనుల్లో కలుపుకోవడమే మాయా పిల్లల రహస్యమని రోగోఫ్ అంటుంది. మన పల్లె ఇళ్లలోనూ నిన్నటి దాకా ఉన్నదదే. మేకల్ని తోలుకెళ్లే పిల్లాడు ఏ గట్టు మీద మేత ఉందో, ఏ చేను దగ్గర జాగ్రత్తపడాలో, పొద్దు ఎంతుండగా వెనక్కి మళ్లాలో తానే తేల్చుకోవాలి. ఇదంతా చెప్పి పిల్లల్ని బడి మాన్పించి పనికి పంపమనడం కాదు. చదువు ఎంత అవసరమో ఏజెన్సీ అంచున ఉన్నవాళ్లకి బాగా తెలుసు. బడి వచ్చాక ఇంట్లో పిల్లలకి ఏ నిర్ణయమూ మిగలకుండా పోవడమే నష్టం. హోంవర్కు, ట్యూషన్, తెర, నిద్ర. సంచిలో రేపటి పుస్తకాలు కూడా అమ్మే సర్దుతుంది.

కాబట్టి మార్చాల్సింది పెద్ద కార్యక్రమం కాదు. సంచి పిల్లే సర్దుకోవడం, ఒక పుస్తకం మరిచిపోతే ఆ ఇబ్బంది ఆ రోజుకి తానే పడడం. చేతిలో ఇరవై రూపాయలు పెట్టి కిరాణా కొట్టుకి పంపి, మిగిలిన చిల్లర లెక్క తననే చెప్పమనడం. పొద్దున్న బడికెళ్లేముందు ‘ఇవాళ ఏం చేద్దామనుకుంటున్నావు’ అని, రాత్రి అన్నం దగ్గర ‘అనుకున్నది ఎంతవరకొచ్చింది’ అని అడగడం. మూడేళ్ల పిల్ల ఒక బొమ్మ వైపు వేలు చూపిస్తే అదే జవాబు. ఐదేళ్లకి ఒక వాక్యం వస్తుంది. పదేళ్లకి, అనుకున్నది ఎందుకు కుదరలేదో కూడా చెబుతుంది. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెప్పేదేమిటంటే, ‘బాగా చదువుతా’ అన్న సంకల్పం కన్నా ‘అన్నం తిని కంచం కడిగిన వెంటనే లెక్కలు తీస్తా’ అన్న సంకల్పం ఎక్కువసార్లు నెరవేరుతుంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకుంటే ఆ సమయం, ఆ చోటు పనిని గుర్తుచేస్తాయి.

ఇక్కడ అలవాటు యంత్రాంగం మనకి సాయపడుతుంది. రోజూ ఆగి చూసుకోవడం కూడా ఒక అలవాటుగా మారగలదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ 96 మంది పెద్దవాళ్లతో కొత్త అలవాట్లు మొదలుపెట్టించి 2010లో చెప్పిన లెక్కలో, ఒక పని దానంతటదే జరిగే దశకి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. తొందరగా కుదిరినవాళ్లకి 18 రోజులు, ఆలస్యమైనవాళ్లకి 254 రోజుల అంచనా. జ్వరమొచ్చో పండగొచ్చో మధ్యలో ఒక రోజు తప్పితే దాని వల్ల పెద్ద తేడా ఏమీ కనిపించలేదని కూడా ఆమె లెక్క చెబుతోంది. ఇంట్లో కొత్తగా మొదలుపెట్టిన పని మూడో రోజునే తప్పిందని వదిలేసే తల్లిదండ్రులు ఆ అధ్యయనంలో ముందుగా చూడాల్సిన భాగం ఇదే.